లోయ వైపు ఒంటి సీటు

అత్తయ్యకు మీ మేనకోడలు నమస్కరించి రాసేది.

టైలర్ గారూ, ఎప్పటిలాగే ఈ ఉత్తరం మా అత్తయ్యకు గట్టిగా చదివి వినిపించండి. దయచేసి కుట్టుమిషన్ ఆపి చదవండి.

అత్తయ్యా, నాకు నర్సు ఉద్యోగం వచ్చింది. కొండల అవతల పెద్ద ఆసుపత్రిలో వచ్చే నెల చేరాలి. అక్కడికి రాత్రి రైలూ ఉంది, పగటి రైలూ ఉంది. పగటి రైలు కొండలెక్కుతూ దిగుతూ, లోయ అంచునే నత్తలా పోతుంది. ఆ లోయ చూడటానికే జనం ఎక్కుతారట. నేనూ అందుకే ఎక్కుతాను. ఆ రైలు బయల్దేరేది మీ ఊళ్ళోనే, టికెట్లు ఇచ్చేదీ మీ స్టేషన్ కౌంటర్‌లోనే. కాబట్టి ఈ సాయం మీరే చేయాలి.

నాకు కావలసింది ఒక్క టికెట్. చివరి పెట్టెలో మాత్రం లోయ వైపు ఒంటి సీట్లు ఉంటాయి. పక్కన ఎవరూ ఉండరు, ఎదురుగా ఎవరూ ఉండరు. మిగతా పెట్టెల్లో నలుగురు ఎదురెదురుగా కూర్చునే బెంచీలు. అవి నాకు వద్దు. బొమ్మ గీసి పంపుతున్నాను. కావలసిన సీటు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను.

ఎందుకింత పట్టుదల అంటారేమో. మన వంశంలో బడి మెట్లెక్కినదాన్ని నేనొక్కదాన్నే కదా. నాకు అక్షరాలు వచ్చిన రోజు నుంచీ మందు సీసాలు, కరెంటు బిల్లులు, పెళ్ళి పిలుపులు, ఆఖరికి గోడల మీద రాసిన బూతులు కూడా అందరికీ నేనే చదివిపెడుతున్నాను. ఒక్క పగలు, ఎవరికీ ఏమీ చదివిపెట్టకుండా, నోరు మూసుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలని ఉంది. ఉద్యోగంలో చేరాక మళ్ళీ మందు సీసాలే.

మీ మేనకోడలు

తా.క. ఒక్క టికెట్. వేళ్ళు మడిచి లెక్కపెట్టే పని కూడా లేదు.

---

మా ఇంటి చదువులమ్మకు అత్తయ్య దీవించి రాయించేది.

నీ ఉద్యోగం సంగతి వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చెప్పి వచ్చాను. అటునుంచి అటే స్టేషన్‌కి వెళ్ళి కౌంటర్‌లో అబ్బాయికి నీ బొమ్మ చూపించాను.

"ఇది సింగిల్ సీటమ్మా" అన్నాడు.

"మిగతా సగం బెంచీ ఎవరు పట్టుకుపోయారు బాబూ?" అన్నాను.

"దాని తయారీయే అంతమ్మా."

"మా పిల్ల నర్సు. అల్లరి చేసిన పిల్లని గోడవార కూర్చోబెట్టినట్టు దాన్ని ఒంటరిగా కూర్చోబెడతావా? నీ చెల్లెల్నైతే కూర్చోబెడతావా?" అని గట్టిగా అడిగాను. క్యూలో ఉన్నవాళ్ళంతా నాకే వత్తాసు పలికారు. వాళ్ళకి నేను తొందరగా కదలడం కావాలి మరి. చివరికి ముందు పెట్టెలో నలుగురి బెంచీ మొత్తం రాసిచ్చాడు. నాలుగు సీట్లూ నీవే. కాళ్ళు చాపుకుని పో.

నువ్వు చుట్టిన ఎర్ర సున్నా చూశాను. చిన్నప్పుడు నీ లెక్కల కాగితం మీద మేష్టారు చుట్టినట్టే ఉంది. తప్పని నీకూ తెలిసే చుట్టి ఉంటావనుకున్నాను.

మీ అత్తయ్య

తా.క. ఇది రాసింది నేను, పక్కింటి టైలర్‌ని. మీ అత్తయ్య కౌంటర్ అబ్బాయిని అన్నవాటిలో సగమే రాశాను. మిగతా సగాన్ని ఈ కాగితం తట్టుకోదు.

---

మహోపకారి అయిన అత్తయ్యకు మేనకోడలు సాష్టాంగపడి రాసేది.

గ్లాసు మంచినీళ్ళు అడిగితే నుయ్యి తవ్వించే చెయ్యి మీది. ఒక్క సీటు అడిగిన పాపానికి నాలుగు సీట్లు! ఒకదాంట్లో నేను కూర్చుంటాను, ఒకదాంట్లో నా సంచీ కూర్చుంటుంది, ఒకదాంట్లో నా ఆనందం కూర్చుంటుంది. నాలుగోది ఖాళీగా పోవడం అన్యాయం కదా?

అందుకని మామయ్యను ఎక్కించండి. ఆయన గురక లేకపోతే ఇంజన్‌కి తోడెవరు? మీ అత్తగారిని అస్సలు మరిచిపోకండి. వంక పెట్టే మనిషి ఒకరు లేకపోతే ఆ లోయకి మరీ పొగరెక్కుతుంది. మీ కవల మనవలిద్దరినీ ఒకే సీట్లో కుక్కండి. వాళ్ళ జిడ్డు చేతులు పడక కిటికీ అద్దాలు శుభ్రంగా ఉంటే బయటిదంతా కనపడిపోతుంది, ఎందుకొచ్చిన గొడవ? దారి పొడుగునా వచ్చే ప్రతి బోర్డూ అందరికీ నేనే చదివిపెడతాను. ఇంతకన్నా నాకు కావలసిందేముంది!

మీ అదృష్టవంతురాలైన మేనకోడలు

తా.క. టైలర్ గారూ, పైదంతా వెటకారంగా చదవాలి. గొంతు కొంచెం వంకరగా పెట్టండి.

---

బంగారంలాంటి మేనకోడలికి అత్తయ్య దీవించి రాయించేది.

నీ ఉత్తరం వింటుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. ఎంత మంచి మనసే నీది! ఒక్కదానివే పోదామనుకున్నదానివి, ఇంతమందిని పేరుపేరునా పిలిచావు. నువ్వు చెప్పినట్టే అందరికీ చెప్పేశాను. మీ మామయ్య అయితే, "నా గురకకి ఒక ఉపయోగం ఉందని గుర్తించింది ఆ పిల్లొక్కతే" అని మురిసిపోయాడు. మా అత్తగారు, "వంకలు పెట్టడానికి నన్ను రమ్మందా? సరే పెడతాను" అని ఇంటి దగ్గరే మొదలుపెట్టేసింది. సంచీ బాగాలేదట. సంచీకి వేసిన తాళం బాగాలేదట. సర్దిన కోడలు పెళ్ళినాటి నుంచీ బాగాలేదట. కవలలు రైలు కూత నేర్చుకుంటున్నారు. వాళ్ళని ఇంకా బళ్ళో వేయలేదు గానీ, కూతలో మాత్రం ఇప్పటికే పెద్ద చదువు చదివేశారు.

వీళ్ళందరికీ అందించేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి కదా, నేనూ వస్తున్నాను. సీటు లేని టికెట్ ఏదైనా ఉందా అని కౌంటర్‌లో అడిగాను.

"రైల్లో అందరూ కూర్చోవాలమ్మా" అన్నాడు.

"మా ఇంట్లో ఎవరో ఒకరు నిలబడే ఉండాలి బాబూ" అన్నాను. అతనికి ఇంకా పెళ్ళి కాలేదనుకుంటాను, అర్థం కాలేదు.

మీ అత్తయ్య

తా.క. టైలర్‌ని. మీరు చెప్పినట్టు వెటకారంగానే చదివానమ్మా. గొంతు వంకర పెట్టడం చేతకాక మీ అత్తయ్య అత్తగారి గొంతు అనుకరించాను. ఆవిడ తలుపు వెనకే ఉన్నారు. ఈ రోజు నుంచి వాళ్ళింటి బట్టలు వేరే టైలర్‌కి పోతున్నాయి.

---

అత్తయ్యకు మేనకోడలు రాసేది.

నేను వెటకారం మానేశాను. ఇది ఉన్నదున్నట్టు రాస్తున్న ఉత్తరం. టైలర్ గారు ఎవరి గొంతుతో చదివినా అర్థం మారదు.

పిలిచాక కాదనడం బాగుండదు, అందరూ రండి. నలుగురి బెంచీ మీ కుటుంబానిది. మామయ్యకో సీటు, మామ్మగారికో సీటు, కవలలకో సీటు, మీకో సీటు. మీరు కూడా కూర్చోండి. నాకు మాత్రం చివరి పెట్టెలో ఆ ఒంటి సీటు కొనండి. అత్తయ్యా, బతిమాలుకుంటున్నాను. పరీక్షలకి చదివినన్నాళ్ళూ చుట్టూ ఆరుగురు మాట్లాడుతుంటే, ఈ చదువు అయిపోయాక ఆ కిటికీ దగ్గర కూర్చుంటానని నాకు నేను ఆశపెట్టుకుని చదివాను. మీకు ఇది చిన్నపిల్ల మారాంలా అనిపించవచ్చు. నాకు కాదు.

మామ్మగారు అడిగితే ఆ సీటులో ఏదో లోపం ఉందని చెప్పండి. లోపం ఉందంటే వెంటనే నాకే ఇప్పిస్తారు.

మీ మేనకోడలు

తా.క. ఈసారి నీలం సిరాతో చుట్టాను. మార్కులు వేయకండి.

---

ఉద్యోగస్తురాలైన మేనకోడలికి అత్తయ్య దీవించి రాయించేది.

నీ పంతమే నెగ్గింది. చివరి పెట్టె, లోయ వైపు, మూల కిటికీ, ఒంటి సీటు. కౌంటర్ అబ్బాయి నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. గౌరవంతోనో, పారిపోదామనో తెలియలేదు. ఆ సీటులో గాలి కొట్టి మెడ పట్టేస్తుందట అని మా అత్తగారితో అన్నాను. "అయితే ఆ నర్సునే కూర్చోమను. మందు అదే రాసుకుంటుంది" అంది.

స్టేషన్‌లో నువ్వు నాకో సాయం చెయ్యాలి. వీళ్ళెవరికీ సీటు నంబర్లు చదవడం రాదు. నువ్వు ముందు పెట్టె ఎక్కి, ఎవరి చోట వాళ్ళని కూర్చోబెట్టు. ఈలోగా నీ సంచీ నేను చివరి పెట్టెకి మోసుకెళ్ళి, రుమాలు పరిచి నీ సీటు కాస్తుంటాను. మోకాళ్ళ నొప్పులు ఉంటే ఉన్నాయి, నీ కోసం ఆ మాత్రం నడవలేనా?

మీ అత్తయ్య

తా.క. టైలర్‌ని. మీ అత్తయ్య దొంగచాటుగా నా దగ్గర ఒక జాకెట్టు కుట్టించుకుంది. లోపల జేబు పెట్టమంది. జాకెట్టుకి జేబెందుకమ్మా అంటే, టికెట్టుకి అంది. ఆ నలుగురి టికెట్లూ పట్టాలని పెద్ద జేబు పెట్టబోతే, ఒక్కటి పడితే చాలంది.

---

ముందు పెట్టెలో ఉన్న మేనకోడలికి చివరి పెట్టెలోంచి అత్తయ్య దీవించి రాయించేది.

కంగారు పడకు. నేను పట్టాల కింద పడలేదు, స్టేషన్‌లో తప్పిపోలేదు. నీ సీటు కాస్తున్నాను. కూర్చునే కాస్తున్నాను. నీ సంచీ నా కాళ్ళ దగ్గర భద్రంగా ఉంది. రైలు కదిలేలోపు నువ్వు పరిగెత్తుకొస్తావేమోనని కొంచెం భయపడ్డాను. కానీ మా అత్తగారు నీ చెయ్యి పట్టుకుని ఏదో ఒక బోర్డు చదవమంటుందని తెలుసు. పెట్టెకీ పెట్టెకీ మధ్య దారి లేదట, టీసీ గారు చెప్పారు. రైలు కట్టినవాడెవడో ఇల్లు గడిపిన ఆడమనిషిని అడిగి కట్టాడు.

నీ వెటకారం నాకు అర్థం కాలేదనుకున్నావా? ముప్పై ఏళ్ళుగా మా అత్తగారి నోట నానుతున్నదాన్ని. ఆవిడ వెటకారం ముందు నీ వెటకారానికి ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు. బెంచీ మాత్రం నిజంగా నీ మీద జాలిపడే కొన్నాను. తర్వాత, 'పక్కన ఎవరూ ఉండరు, ఎదురుగా ఎవరూ ఉండరు' అని నువ్వు రాసిన ముక్క టైలర్ చేత మళ్ళీ చదివించుకున్నాను. అలాంటి సీటు ఒకటి లోకంలో ఉంటుందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదే. అందుకే నువ్వు వాళ్ళందరినీ పిలిచినప్పుడు కాదనలేదు.

రైలెక్కినప్పటి నుంచీ ఎవరూ నన్ను మంచినీళ్ళు అడగలేదు. కింద ఎక్కడో నది సన్నగా, ఆరేసిన తువ్వాలులా ఉంది. దాన్ని ఎవరు ఆరేశారో, ఎవరు మడతపెట్టాలో నాకు అనవసరం.

రేపు నీ జీతంతో నువ్వే ఇలాంటి సీటు కొనుక్కుంటావు. నేను రేపు ఆ నలుగురినీ వెనక్కి తీసుకుపోవాలి. అయినా నీ నోటి దగ్గరిది లాక్కున్నానన్న మాట నాకు వద్దు. సొరంగం దాటగానే వచ్చే స్టేషన్‌లో రైలు ఆగుతుందట. అక్కడ దిగి ఇటు రా. సగం లోయ నాది, సగం నీది.

మీ అత్తయ్య

తా.క. ఇది రాసింది నేను, టికెట్లు చూసే టీసీని. సొరంగం స్టేషన్‌లోనే ఈ ఉత్తరం మీకు ఇద్దామని లేచానమ్మా. రైలు కూత వేసేదాకా ఈవిడ మా ఇంట్లో ఎంతమంది, ఎవరికి ఎన్ని పళ్ళు అని అడుగుతూ నన్ను కదలనివ్వలేదు. కాబట్టి ఇది మీ చేతికి అందేది ఆ తర్వాతి స్టేషన్‌లో. ఈ స్టేషన్‌లో ఇంజన్ మారుస్తారు, రైలు చాలాసేపు ఆగుతుంది, అసలైన లోయ ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఈ మూడు సంగతులూ మీకు రాయొద్దని ఈవిడ నా దగ్గర మాట తీసుకున్నారు. రాశాను.