కొట్టేసిన నాలుగు మాటలు

1976 ఫిబ్రవరి 2
దొంగవి నువ్వు. నా పెట్టె వెతికి ఈ డైరీ చదువుతున్నావంటే దొంగవే, ఖాకీ తొడిగినా సరే.
వీధినాటకం రాతప్రతి అనుమతికి పంపితే ఎస్సై ఎర్ర పెన్సిలుతో నాలుగు మాటలు కొట్టేశాడు. భూమి. ఆకలి. ఎందుకు. ఇయ్యను. ఎమర్జెన్సీలో ఇవి ప్రమాదమట. సరే, ఆ మాటల చోట ఖాళీనే ఆడిస్తాను. ఖాళీని ఎట్లా కొట్టేస్తాడో చూస్తాను.

ఫిబ్రవరి 9
రిహార్సలు. ముఖ్య వేషం మునెమ్మది. చంద్రగిరిలో చింతపండు కొట్టే మనిషి. కొట్టేసిన మాట దగ్గర నోరు తెరవాలి, లోపల పలకాలి, గొంతు దాటనివ్వకూడదు. మాట పట్టేంత సేపూ అట్లే నిలబడాలి. వంద సార్లు చేయించాను. గొంతులో ముల్లు అడ్డం పడినట్టుందంది. మళ్ళీ చెయ్యమన్నాను.

ఫిబ్రవరి 22
చంద్రగిరి సంత. మిట్టమధ్యాహ్నం. మునెమ్మ నోరు తెరిచింది... శబ్దం లేదు. మూడో ఖాళీకి జనం నోళ్ళూ తెరుచుకున్నాయి. ఒక్కరూ పలకరు. కాపలాకొచ్చిన కానిస్టేబుల్ నోరు కూడా.
తరవాత తేరుకొని, "ఏం అయివోరా, మూగోళ్ళ ఆట ఆడిస్తా ఉండావే" అన్నాడు. నవ్వబోయాడు. నవ్వు రాలేదు.
గెలిచాననుకున్నాను.

మార్చి 1
మునెమ్మ అత్త వచ్చింది. కోడలు ఆకలని చెప్పలేకపోతోందట. నోరు తెరిచి అట్లే ఉండిపోతుందట. మిగతా మాటలన్నీ బాగానే వస్తాయట. ఆట అలవాటు, నాలుగు రోజుల్లో పోతుందని పంపేశాను.

మార్చి 5
పోలేదు.

మార్చి 8
కరణం కాగితంతో ఆమె గుడిసెకు పోయాడు. సర్కారు ఆమెకు పట్టా ఇచ్చిన అర ఎకరం తన బావమరిదికి రాసిమ్మని. ఇయ్యనని చెప్పాలి — నోరు తెరిచింది. మాట పట్టేంత సేపూ నిలబడింది. ఓపిగ్గా చూశాడట. కాదనలేదంటే ఒప్పుకున్నట్టే గదమ్మా అని, బొటనవేలు పట్టి ముద్ర వేయించుకున్నాడట.
మౌనమే తిరుగుబాటని సభల్లో వాదించినవాణ్ణి నేను.

మార్చి 9
మునెమ్మ గుడిసెకు పోయాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చింతపండు కొడుతూనే, నా నోటి వైపే చూస్తూ చెప్పింది. ఆమె అడిగినవి, అడిగిన వరసలోనే:

ఆ కాయితం వెనక్కి తెచ్చియ్యి.
కరణం ముందర నిలబడి, నాకు రాని మాట నువ్వు గట్టిగా అను.
ఇంక సంతలో నా వేషం నువ్వే కట్టు.
నా గొంతు నాకొచ్చేదాకా నువ్వు ఒక్క మాట రాయొద్దు.