పక్క టేబుల్‌కి ఎలా తెలుస్తోంది?

అరోరా

చిరంజీవి మృదులకి, మావయ్య దక్షిణామూర్తి దీవెనలు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మీ లాస్ ఏంజెలెస్‌లో సిగ్నల్ ఏం బాగోలేదు. పోయినసారి నువ్వు మాట్లాడినంతసేపూ దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టే ఉంది. ఉత్తరమైతే గొణగదు.

నువ్వు రాస్తున్న టీవీ షో చూస్తున్నాను. పబ్ క్విజ్ ఆడే స్నేహితుల కథ, బాగుంది. కింద అక్షరాలు వేస్తారు గనక ఒక్క ముక్క పోదు. కానీ అయిదో ఎపిసోడ్ చూశాక నాకు అన్నం సహించడం లేదు. టీమ్‌లో ఒకడు జవాబులు పక్క టేబుల్‌కి చేరవేస్తున్నాడని పెట్టావే, అది నీకెవరు చెప్పారు?

ఎందుకంటే మాకు సరిగ్గా అదే జరుగుతోంది. గురువారం గురువారం నేనూ, చక్రపాణీ, వసుమతీ ఇక్కడ మా అరోరా ఊళ్ళోని పబ్‌లో క్విజ్ ఆడతామని నీకు తెలుసుగా. తాగేది లెమనేడే అనుకో. నేను కెప్టెన్ని. రహస్యం బయటికి పొక్కకుండా జవాబులన్నీ తెలుగులోనే చెప్పుకుంటాం. చుట్టూ ఉన్నది తెల్లవాళ్ళే. పక్క టేబుల్‌తో కాగితాలు మార్చుకుని దిద్దుకుంటాం, చూస్తే మేం ఏది రాస్తే వాళ్ళూ అదే రాస్తున్నారు. రైటయితే సరే, తప్పులు కూడానా? ఉత్తర అమెరికాలో అన్నిటికంటే పొడవైన నది మిస్సిసిపీ అని మేం తప్పు రాశాం. వాళ్ళూ మిస్సిసిపీయే!

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టి తీరాలి. మీ లీలత్తయ్య పోయాక నేను నలుగురితో కూర్చునే చోటు అదొక్కటే. ఇప్పుడక్కడ ఎవరి మొహం చూసినా అనుమానమే వస్తోంది. నెలాఖరుకి ఫైనల్. తెలిసింది దాచకుండా రాయి.

ఇట్లు,
మనశ్శాంతి లేని మీ మావయ్య

తా.క.: హోస్ట్ అమ్మాయి మాత్రం బంగారం. ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదువుతుంది. ఈ కాలం పిల్లల్లో అంత శ్రద్ధ ఎక్కడుంది చెప్పు?

---

లాస్ ఏంజెలెస్

మావయ్యకి మృదుల నమస్కారాలు.

మావయ్యా, అది కథ! ఏడుగురం ఒక రూమ్‌లో కూర్చుని, చల్లారిన పిజ్జా తింటూ అల్లిన కథ. మీ టీమ్ సంగతి మాకెవరికీ తెలియదు. దొంగగా ఎవణ్ణి పెడదామని రెండు రోజులు కొట్టుకుని, ఎప్పుడూ నోరెత్తనివాణ్ణి పెడితే ఎవరూ ఊహించరని అలా పెట్టాం. అంతే.

చక్రపాణి అంకుల్, వసుమతి ఆంటీ మీకు చెడు చేసే మనుషులా? దయచేసి ఎవర్నీ ఏమీ అనకండి. రాత్రిళ్ళు హాయిగా నిద్రపోండి.

ప్రేమతో,
మీ మేనకోడలు

తా.క.: వచ్చే ఎపిసోడ్ తప్పకుండా చూడండి. వాడు మాటిమాటికీ రెస్ట్‌రూమ్‌కని లేస్తుంటే కెప్టెన్‌కి డౌట్ వస్తుంది. భలే వచ్చింది సీను!

---

అరోరా

చిరంజీవి మృదులకి, మావయ్య రాయునది.

పైకి చెప్పలేక తా.క.లో సూచించావు. అర్థమైంది. నీ ఉద్యోగం నీకు ముఖ్యం, తప్పు పట్టను.

టేబుల్ దగ్గర నోరెత్తనివాడు చక్రపాణి. ఏదైనా అంటే మాత్రం అరుస్తాడు, జీవితమంతా వంతెనలు కట్టించిన ఇంజినీరు కదా, సైట్‌లో అలవాటు. ప్రతి రౌండ్ ముందూ లేచి రెస్ట్‌రూమ్ వైపు వెళ్ళేదీ వాడే. "ఏరా, షుగరా?" అంటే "కాదులే" అని తల తిప్పుకున్నాడు. వాడి రిపోర్టులు నేను చూశాను, షుగర్ లేదు!

అందుకని ఉచ్చు వేశాను. ఎక్కువ చందమామలున్న గ్రహం ఏదన్నారు. శని అని నాకు తెలుసు. అయినా "గురుగ్రహమే, అనుమానం లేదు" అని గట్టిగా చెప్పి, కాగితం ఇచ్చే ముందు గుట్టుగా కొట్టేసి శని అని రాశాను. పక్క టేబుల్ వాళ్ళు ఏం రాశారో తెలుసా? గురుగ్రహం! అక్కడ ఎర్రజుట్టున్న ఒకావిడ ఉంది, మార్కులు చదువుతుంటే నావంక కోపంగా కూడా చూసింది. దొంగసొత్తు నకిలీదని తేలితే కోపం రాదూ మరి?

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోను, మృదులా? లీల హాస్పిటల్లో ఉన్నన్నాళ్ళూ వీడు రోజూ ఫ్లాస్కులో చారు పోసుకుని మంచులో డ్రైవ్ చేసుకుంటూ వచ్చేవాడు. ఆ చేతులతోనే జవాబులు అమ్ముకుంటున్నాడంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఏడుపొస్తోంది. కానీ కెప్టెన్ కెప్టెన్‌గా ఉండాలి. ఫైనల్‌కి రావద్దని రేపు వాడి మొహం మీదే చెప్తాను.

ఇట్లు,
గుండె రాయి చేసుకున్న మావయ్య

తా.క.: వసుమతి నన్ను చెవి పరీక్ష చేయించుకోమంటోంది! నలభై ఏళ్ళు ఈ ఊరి జనం చెవుల్లోకి తొంగి చూసిన డాక్టర్ని నేను. మనుషులు గొణగడం మొదలెట్టింది ఈమధ్యనే. దానికి నా చెవులేం చేస్తాయి?

---

లాస్ ఏంజెలెస్

మావయ్యా, నమస్కారాలు తర్వాత చెప్పుకుంటాను.

చక్రపాణి అంకుల్‌ని ఇప్పటికింకా ఏమీ అనకపోయి ఉంటే, దయచేసి అనకండి. మీకు పదిసార్లు ఫోన్ చేశాను, ఎత్తడం లేదు. రింగ్ వినబడటం లేదా?

నేను చెప్పకూడనిది చెప్తున్నాను, తెలిస్తే నా జాబ్ పోతుంది. మా షోలో దొంగ ఎవడూ లేడు. చివర్లో తేలేది అదే. కెప్టెన్ అనుమానపడి అనుమానపడి స్నేహితుణ్ణి పోగొట్టుకోబోతాడు. మీరలా చేయకండి, మావయ్యా. నాకు భయంగా ఉంది.

ఒక్క సంగతి ఆలోచించండి. మీరు జవాబులు చెప్పుకునేటప్పుడు ఎంత గట్టిగా చెప్పుకుంటారు?

కంగారుగా,
మృదుల

తా.క.: చదివాక ఇది చింపేయండి. వసుమతి ఆంటీకి చూపించకండి, ఆవిడకి సస్పెన్స్ పోతే నన్ను బతకనివ్వరు.

---

అరోరా

చిరంజీవి మృదులకి, తల దించుకున్న మావయ్య రాయునది.

నీ ఉత్తరం ఫైనల్ అయిన మర్నాడు అందింది. అప్పటికే చక్రపాణితో అనాల్సిందంతా అనేశాను. వాడు "సరేలేరా, బాగా ఆడండి" అని అరిచి తలుపేసుకున్నాడు.

ఫైనల్లో నేనూ వసుమతీ ఇద్దరమే కూర్చున్నాం. హోస్ట్ అమ్మాయి మొదటి ప్రశ్న ఒక్కసారే చదివింది. పెదాలు కదలడం కనబడింది, మాట మాత్రం నాకందలేదు. "ఏమంది?" అన్నాను. వసుమతి తెలుగులో చెప్పింది. అందలేదు. మళ్ళీ చెప్పింది. మూడోసారి ఆవిడ అరిచిన అరుపుకి పక్క టేబుల్లోని ఎర్రజుట్టావిడ ఇటు తిరిగి అంతకంటే గట్టిగా అరిచింది.

"అంకుల్ గారూ, కాస్త మెల్లిగా చెప్పుకోండి! మీరింత గట్టిగా అరిస్తే మేం వినకుండా ఎలా ఉంటామండీ? ఆ శనిగ్రహం దగ్గర నన్ను భలే ముంచారు!"

అచ్చ తెనాలి తెలుగు! వాళ్ళత్తగారిది తెనాలిట, పెళ్ళైన దగ్గర్నుంచీ కాపురం ఆవిడతోనేట. గుళ్ళో పులిహోర క్యూలో సగం అరోరా మన భాషే మాట్లాడుతుంటే, పబ్‌లో మాత్రం ఎవరికీ రాదనుకున్న నా తెలివికి ఏ బిరుదిస్తావో ఇవ్వు.

లేచి హోస్ట్ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ప్రతివారం రెండుసార్లు చదివేదానివి, ఇవాళ ఒక్కసారే ఎందుకు చదివావని అడిగాను. ఆ పిల్ల నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది, పబ్బంతా విన్నది. "మీ ఫ్రెండ్ రాలేదుగా! ప్రతి రౌండ్ ముందూ వచ్చి ఆయనే అడిగేవారు. మా కెప్టెన్‌కి సరిగా వినబడదు, రెండుసార్లు చదువమ్మా, నేనడిగానని ఆయనకి చెప్పకు, చెవి డాక్టర్, చిన్నబుచ్చుకుంటాడు అని."

రెస్ట్‌రూమ్ వైపు వెళ్ళేవాడు కాదు మృదులా, నా పరువు కాపాడటానికి వెళ్ళేవాడు. వాడు అరిచేది వంతెనల అలవాటు కాదు, నాకోసం. ఇన్నాళ్ళూ చెవిటివాడి ముందు శంఖం ఊదాడు.

క్విజ్ వదిలేసి తిన్నగా వాడింటికి వెళ్ళాను. తలుపు తీసి ఏదో అన్నాడు.

"వినబడలేదురా" అన్నాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి.

వాడు నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, వీధంతా వినేలా, "గెలిచారా అని అడుగుతున్నాను!" అన్నాడు.

ఓడిపోయాం. చారన్నం తిన్నాం. సోమవారం నా చెవి పరీక్ష. అపాయింట్‌మెంట్ చక్రపాణే బుక్ చేశాడు, డ్రైవ్ చేసేదీ వాడే. దారిలో వాణ్ణి క్షమాపణ అడగాలి. ఇప్పటికి రెండుసార్లు అడిగాను, ఇద్దరికిద్దరం కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాం గాని మాట పూర్తి కాలేదు.

ఇట్లు,
పరీక్షకి కూర్చోబోతున్న మీ మావయ్య

తా.క.: ఇప్పుడే నీ షో ఆఖరి ఎపిసోడ్ ముగ్గురం చూశాం. దొంగ లేడు సరే, కెప్టెన్‌కి చెవుడని తేల్చావేమిటి? అది మాత్రం నాకు చెప్పలేదే! నీకెవరు చెప్పారు? నేనిది రాస్తుంటే చక్రపాణి నా కళ్ళలోకి చూడకుండా గోడవంక చూస్తున్నాడు.