మూతగాడికి గొంతు లేదు

మట్టి గని విడిది గది,
సోమవారం, తొమ్మిదో తేదీ, ఉదయం.

చెల్లికి,

అక్క ఆశీస్సులు. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వెలా ఉన్నావని అడగడానికి నోరు రావడం లేదు, అయినా అడుగుతున్నాను. పిన్ని పెట్టింది వద్దనకుండా తిను. ఆవిడ మాటల ధాటికి రెండు రోజుల్లో చెవులు హోరెత్తుతాయని తెలుసు. అయినా నువ్వు ఒంటరిగా లేవన్నదే నాకు ఊరట.

నేనిక్కడికొచ్చి వారమైంది. మీ ఆయన్ని బొరియలోకి లాక్కుపోయింది మూతగాడేనా కాదా తేల్చి రాసివ్వమని గనుల తనిఖీ అధికారి పిలిపించాడు. పోయినవాడు నా మరిది, ఇంకెవరినైనా చూసుకోండి అన్నాను. ఇరవై రెండేళ్లుగా ఆ జంతువుని చదివినవాళ్లు ఇంకెవరున్నారమ్మా అన్నాడు. అవును, మూతగాడే అని రాస్తే గని యజమాని అరవై మూడు బొరియల్లోకీ విషపు పొగ వదిలిస్తాడు. ఆ నేల కూడా తవ్వుకోవడానికి ఇవి అడ్డమని రెండేళ్లుగా గొణుగుతూనే ఉన్నాడట. పొగ డబ్బాలు అప్పుడే గోదాములో దిగాయి. మీ ఆయన పోయి పదకొండు రోజులే. ఇంత తొందరగా ఎలా వచ్చాయి? నాకు మొదటి అనుమానం అక్కడే తగిలింది.

నా పెళ్లి మాట ఎవరెత్తినా, మా అక్క మొగుడు బొరియలో ఉంటాడని నవ్వించేదానివి. ఆ మొగుడి సంగతులు నువ్వెప్పుడూ వినలేదు. ఇప్పుడు విను, అవసరముంది.

మూతగాడు ఎంత పెరిగినా పదకొండు కిలోలు దాటడు. కళ్లు లేవు. బొరియ నోటికి ఉమ్ముతో కలిపిన మట్టితో మూత చేసుకుని, దాని కిందే కింది దవడని నేలకి ఆనించి పడుకుంటాడు. పైన ఏది నడిచినా ఆ అదురు దవడ ఎముకలోంచి లోపలికి పాకుతుంది. కుందేలో కౌజుపిట్టో మూత దగ్గరికొస్తే మెరుపులా లేచి కాలు పట్టుకుంటాడు. పళ్లన్నీ లోపలికి వంగి ఉంటాయి, చిక్కింది జారదు. ఒకసారి తిన్నాడంటే నెలా పదిరోజులు కదలడు. అప్పుడు గుండె నిమిషానికి ఆరుసార్లు కొట్టుకుంటుంది. నేను చెవి ఆనించి లెక్కపెట్టాను. అంత భయంకరుడూ మనిషి అడుగు పడితే మాత్రం గొయ్యి అడుక్కి జారిపోతాడు. మన బరువంటే వాడికి హడల్.

మరి మీ ఆయన్ని ఎలా పట్టుకున్నాడు?

బొరియ పక్కన దొరికిన మీ ఆయన బూటు చూపించమని గని మేస్త్రీని అడిగాను. ఇవాళ కాదు రేపంటూ మూడురోజులు తిప్పాడు. చివరికి తెచ్చి బల్ల మీద పెట్టి, నా మొహం చూడకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. బూటు మీద పంటిగాటు లేదు. లేసు తెగలేదు. ఎవరో తీరిగ్గా కూర్చుని ముడి విప్పారు. ఆ సాయంత్రం నువ్వెక్కడున్నావని అడిగితే ఒకసారి లారీ దగ్గరన్నాడు, ఇంకోసారి పంపు దగ్గరన్నాడు. దొంగ ఇతనేనని ఆ పూటకి తీర్మానించేసుకున్నాను.

నిన్న స్టేషనులో నువ్విచ్చిన వాంగ్మూలం చదివాను.

టీ తీసుకెళ్తుంటే జంతువు గట్టిగా అరిచిందన్నావు. పరుగెత్తి వెళ్లేసరికి మూత తెరిచే ఉందన్నావు, ఆయన చెయ్యి లోపలికి పోవడం కళ్లారా చూశానన్నావు. చెల్లీ, మూతగాడికి గొంతు లేదు. ఊపిరి కూడా చర్మంతోనే పీలుస్తాడు. ఇరవై రెండేళ్లలో వాడి నోట కిక్కురుమన్న చప్పుడు నేను వినలేదు. వేటని లాగిన మరుక్షణం మూత వేసేసుకుంటాడు, తెరిచి ఉంచడు. ఆ రోజు అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు. నువ్వు చెప్పింది మాత్రం జరగలేదు.

కాగితం తిరిగిచ్చేశాను. తర్వాత నీ క్వార్టరుకి వెళ్లాను. పక్కింటి కాంపౌండరు భార్య గుసగుసగా చెప్పింది, మూడురోజుల పాటు మీరిద్దరూ ఒకటే కేకలట. నాలుగోరోజు ఆయన లేడు. స్టేషనులో నువ్వు కంటతడి పెట్టలేదని కూడా చెప్పింది. బీరువా తెరిచాను, తప్పే. ఆయన అరలో సగం చొక్కాలు లేవు. పోయినవాడి చొక్కాలు ఏం చేశావు?

నీకు జడ వేసిన చేత్తోనే ఇది రాస్తున్నాను. ఏం చేశావే? చేయి జారిందా? తోశావా? ఏదైనా సరే, నాకు చెప్పు. శనివారం మధ్యాహ్నానికి నివేదిక ఇవ్వాలి. నిజం రాస్తే పోలీసులు నీ గుమ్మం ముందుంటారు. అబద్ధం రాస్తే ఏ తప్పూ చెయ్యని అరవై మూడు ప్రాణాలు పొగలో పోతాయి. కుడిచేతిని ఎడంచెయ్యి నమ్మలేని స్థితిలో ఉన్నాను.

నీ జవాబు కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తూ,
అక్క.

తా.క. మంగళవారం. నిన్న ఇది పోస్టు చేయడానికి బయల్దేరుతుంటే మేస్త్రీ దారికి అడ్డంగా నిలబడ్డాడు. కవరు మీద నీ పేరు చూసి, "అమ్మా, చెల్లెమ్మని ఏమీ అనకండి. సారు బతికే ఉన్నారు" అన్నాడు.

గని గొయ్యి ఉత్తరపు గోడ బీటలు కొలిచి, అది కూలుతుందని, కింద నలభై మంది ఉన్నారని మీ ఆయన రాసిచ్చాడట. చింపెయ్యమన్నాడట యజమాని. మీ ఆయన వినకపోతే బెదిరించడానికి ఇంటికి రెండుసార్లు మనుషులొచ్చారట. మీ కేకలన్నీ నువ్వు పారిపొమ్మనడం, ఆయన పోననడమేనట. టార్పాలిన్ కింద దాచి లారీలో దాటించింది మేస్త్రీయే. ఇన్నాళ్లూ మేస్త్రీ చెల్లెలింట్లో ఉన్నాడు, దారిలో పట్టుకున్న జ్వరం తగ్గిందట. బూటు పెట్టింది నువ్వు. నాకెందుకు చెప్పలేదని అడిగితే, "తెలిస్తే మీరు అబద్ధం రాయాల్సొస్తుందని ఒట్టు వేయించుకుంది" అన్నాడు. పొగ సంగతి నీకు తెలిసే వీలే లేదు, డబ్బాలు ముందే తెప్పించి పెట్టుకున్న యజమాని దొరికిన సాకుని వాడుకున్నాడు.

వెంటనే ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్లాను. అక్కడి పంతొమ్మిది బొరియల్లో ఒక్కదాంట్లోనూ మూతగాడు లేడు. మూతలు ఎండి పగిలి నెలలైంది. మట్టి లోలోపల జారుతుంటే దవడకి ముందే తెలుస్తుంది, ఇల్లు వదిలేస్తారు. ఇవాళ అదే రాశాను. వీళ్లు మనిషిని ముట్టలేదని, ఆ గోడని నమ్మలేదని. మేస్త్రీ దాచిన మీ ఆయన కొలతలూ జతచేసి అధికారి చేతికిచ్చాను. మరి బూటు విప్పిందెవరని అడిగాడు. అది జంతుశాస్త్రం కాదండీ అన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికల్లా కూలీలందరినీ పైకి రప్పించారు.

పై పేజీలు చింపేద్దామనుకున్నాను. చింపలేదు. నేను నిన్ను ఏమనుకున్నానో నువ్వు చదవాలి. చదివి తిట్టు, పడతాను.

గురువారం. వానకి పోస్టు కదల్లేదు, కవరు నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడే, పొద్దున్న పదింటికి, ఉత్తరపు గోడ మొత్తం కూలిపోయింది. కింద ఎవరూ లేరు. యజమానిని పోలీసులు జీపెక్కించారు. మీ ఆయన్ని ఇంటికి రమ్మను.