మూడో ప్రకటనకు ముందు

నాకెవరో ఉన్నారని మా ఇంట్లో అందరూ నమ్ముతున్నారు. ఎవరూ లేరు. ముందు ఆ సంగతి రాసి, తర్వాత ఆస్తి సంగతి రాస్తాను.

విజయవాడ పటమట కాపురస్తులు మద్దాల ఇన్నయ్య గారి పెద్ద కుమార్తె, ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఫిలోమిన, ఎం.ఏ., అనే నేను పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా స్వహస్తాలతో రాసుకున్న వీలునామా ఇది. తెలివి బాగానే ఉంది. పాడైంది గుండెలో కవాటం. ఆపరేషన్ తప్పదని డాక్టరు గారన్నారు. "పెళ్ళయ్యాక చూద్దాం, మగపెళ్ళివారి చెవిన పడనివ్వకండి" అన్నారు నాన్న. గుడిలో మూడు ఆదివారాలు చదవాల్సిన మా పెళ్ళి ప్రకటన రెండుసార్లు చదివారు. అభ్యంతరం తెలిసినవారు చెప్పాలని ఫాదర్ గారు అన్నప్పుడల్లా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడోది చదవకముందే ఉయ్యూరు వెళ్ళి, పెళ్ళికొడుకు ఏసుపాదం గారికి నా గుండె సంగతి నేనే చెప్పాను. సంబంధం పోయింది. "ఎవడి కోసం చెడగొట్టావు, వాడెవడో చెప్పవే" అని నాన్న ఇంకా అడుగుతూనే ఉన్నారు.

ఆపరేషన్ నుంచి నేను తిరిగి రాకపోతే, ట్యుటోరియల్ జక్కయ్య మాస్టారు ఈ కింది ప్రకారం జరిపించాలి.

1. చేతి గడియారం చెల్లెలు మార్తకు. "నీ మూలంగా నన్నూ ఎవరూ చేసుకోరు" అంది. నిజమే కావచ్చు. గడియారం వెనకబడుతుంది, రోజూ పొద్దున్నే సరిచేసుకోవాలి.

2. పెళ్ళికి కొన్న తెల్ల పట్టుచీర అమ్మ పెట్టె అడుక్కి తోసేసింది. నన్ను సాగనంపేటప్పుడు అదే కట్టాలి. అమ్మా, నా కోసం గుణదల మరియమాత కొండ మోకాళ్ళ మీద ఎక్కుతానని మొక్కుకున్నావు. నీ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. ఆ మొక్కు రద్దు చేస్తున్నాను. ఆ హక్కు నాకు లేదని తెలిసే రాస్తున్నాను.

3. నా ఇంగ్లీషు పుస్తకాలన్నీ నా విద్యార్థిని ఛాయాదేవికి. అవసరాన్ని చెప్పే క్రియల తర్వాత 'టు హావ్' వాడి, ఫలానా వేళకే పని అయిపోయి ఉండాలని చెప్పే పాఠం సగంలో ఆగింది. "పరీక్ష గంట కొట్టేసరికి హాల్ టికెట్ తెచ్చుకుని ఉండాలి" అని నేనంటే, "తర్వాత తెచ్చుకున్నా తెచ్చుకున్నట్టే కదండీ మేడం!" అని క్లాసంతటినీ నవ్వించింది. ఆయాసం వచ్చేదాకా నేనూ నవ్వాను. ఛాయా, జవాబు ఇప్పుడు చెబుతున్నాను. గేటు మూసేశాక తెచ్చినా అది టికెట్టే. నువ్వు మాత్రం బయటే ఉంటావు. నేను తాళి కట్టించుకున్నాక నా జబ్బు సంగతి చెప్పి ఉంటే, ఏసుపాదం గారు లోపల చిక్కుకుపోయేవారు.

4. నల్ల గొడుగు ఏసుపాదం గారిది. ఆయన పనిచేసే షుగర్ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి నేను చెప్పిందంతా విన్నారు. "ముందే చెప్పారు, మంచి పని చేశారండీ" అన్నారు. వాన పడుతుంటే గొడుగు నా చేతికిచ్చి, తడుస్తూ లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు వద్దని కబురొచ్చింది. ఆ గొడుగు ఆయనకు చేర్చాలి. అది నా ఆస్తి కాదు. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

5. నాన్నగారికి: నాకెవరూ లేరండీ. మీకు ఈ మాటే ఇచ్చి వెళ్తున్నాను.

రేపు మద్రాసు రైలెక్కి వేలూరు ఆస్పత్రికి వెళ్తున్నాను. ఆపరేషన్ కాగితాల మీద నేనే సంతకం పెడతాను.

విజయవాడ, 12 ఆగస్టు 1974
(సం.) మద్దాల ఫిలోమిన

సాక్షులు:
పుల్లయ్య, ట్యుటోరియల్ గుమాస్తా
శౌరమ్మ, పక్కింటివారు