అడిగితే మారిపోయే ఊపిరి

మార్చి 30, శనివారం

రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. ఇప్పుడు చదువుతున్న యూనివర్సిటీలోనే నర్సింగ్ సీటు: ఇంకా మూడేళ్లు, అందులో మొదటి ఏడాదంతా పుస్తకాలే. నది పక్కనున్న కమ్యూనిటీ కాలేజీలో కూడా సీటు: రెండేళ్లు, సెప్టెంబరు నుంచే ఆసుపత్రి వార్డులో శిక్షణ. చివర రాయవలసిన లైసెన్స్ పరీక్ష రెండింటికీ ఒకటే. ఏప్రిల్ 18లోగా జవాబు పోస్టు చేయాలి.

కమ్యూనిటీ కాలేజీలో డిబేట్ టీము లేదు. ఈ వాక్యం మూడుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.

మార్చి 31

మా డిబేట్ కోచ్ పెల్టియే సార్ పగలబడి నవ్వారు. ప్రతి నర్సుకూ నాలుగేళ్ల డిగ్రీ ఉండి తీరాలని మొన్న అక్టోబరులో వాదించి కప్పు తెచ్చింది నువ్వే కదమ్మా ఓడెట్, నిన్ను నువ్వే ఓడిస్తావా, అంత మొనగత్తెవా అన్నారు.

ఇంటికొచ్చి రెండు పక్షాలకూ వాదనలు రాశాను. అటు పదకొండు, ఇటు పదకొండు. రెండు వైపులా నా గొంతే. న్యాయనిర్ణేత కుర్చీలో ఎవరూ లేరు.

ఏప్రిల్ 6, మధ్యాహ్నం 2

వారాంతాల్లో నేను సహాయకురాలిగా పనిచేసే వృద్ధాశ్రమం చుట్టూ ఇవాళ పొగమంచు. కిటికీలన్నీ పాలలో ముంచి తీసినట్టున్నాయి.

రోగికి తెలియకుండా ఊపిరి లెక్కపెట్టాలని శిక్షణలో చెప్పారు. నేను ఒప్పుకోలేదు. మనిషి అనుమతి లేకుండా మనిషిని కొలవడం నా సిద్ధాంతానికి విరుద్ధం. రోజేర్ తాతకు ఎనభై ఎనిమిదేళ్లు, జీవితమంతా బంగాళదుంపలు పండించిన మనిషి. తాతా, ఒక నిమిషం మీ ఊపిరి లెక్కపెడతానని చెప్పాను. ఆయన మర్యాదగా వెన్ను నిటారు చేసి, చర్చిలో పాటకు నిలబడినట్టు నిండుగా, నెమ్మదిగా పీల్చాడు. పద్నాలుగు అని రాశాను.

పది నిమిషాల తర్వాత నర్సు డెల్ఫీన్ లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది. ఇరవై దాటకూడదు. న్యుమోనియా. ఆక్సిజన్ పెట్టారు.

డెల్ఫీన్‌ది రెండేళ్ల చదువే. చెప్పావు కాబట్టి ఆయన నీకు ఊపిరి చూపించాడు పిల్లా, నాకు కావలసింది ఆయన పీల్చేది అంది. నేను అనుమతి గురించి వాదించాను, క్రమంగా, అంకెలు వేసి. ఆమె చివరిదాకా విన్నది. వాదన బాగుంది, ఆయన పెదవులు మాత్రం నీలంగా ఉన్నాయి అంది.

ఏప్రిల్ 7

ఆ వాక్యానికి ప్రతివాదం దొరకలేదు.

ఏప్రిల్ 13

తాత కోలుకున్నాడు. రావమ్మా లాయరూ, ఇవాళ ఎవరిని జైల్లో పెడతావు అని వేళాకోళం.

నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకున్నాను. కళ్లు గడియారం మీద ఉన్నా చూపంతా దుప్పటి మీదే. అది లేచింది, వాలింది. మంచు కింద దున్నిన పొలం నిద్రలో కదులుతున్నట్టుంది. ఒక్క నిమిషం ఎంత వెడల్పయిందంటే, అందులో నా మాటలన్నీ మునిగిపోయాయి. పద్దెనిమిది. నాడి ఎలా ఉందని తాత అడిగాడు. బాగుందన్నాను. నాడి నేను చూడనేలేదు. ఆధారం లేకుండా నేనొక మాట చెప్పడం ఇదే మొదలు.

మెట్ల మీద ఆగిపోయాను. నేనింతవరకు మనుషుల దగ్గర జవాబులే తీసుకున్నాను.

ఏప్రిల్ 15

కమ్యూనిటీ కాలేజీకే వెళ్తానని సార్‌కు చెప్పాను. ఓటమి ఒప్పుకుంటున్నావన్నమాట అన్నారు. నాలుగేళ్ల డిగ్రీ అక్కర్లేదని నేననలేదు సార్, ఉద్యోగం చేస్తూ అదీ పూర్తి చేస్తాను, కానీ సెప్టెంబరులో పట్టుకోవడానికి నాకొక మణికట్టు కావాలి అన్నాను. ఇదేం వాదనమ్మా అన్నారు. వాదన కాదు సార్ అన్నాను.

పదకొండు కారణాలు జేబులోనే ఉన్నాయి. తీయలేదు. వరండా దాటాక ఏడ్చాను. టీము కోసం, ఆ మైకు కోసం.

ఏప్రిల్ 18, ఉదయం

సంతకం చేసిన కవరు పోస్టులో వేశాను. చలికాలమంతా గడ్డకట్టి ఉన్న నదిలో మంచు విరిగింది. వంతెన మధ్యలో నిలబడి కిందికి చూశాను. తెల్లని మంచు పలకలు దిగువకు సాగుతుంటే, వంతెనే నన్ను మోసుకుని ఎగువకు బయలుదేరింది. చాలాసేపు దిగలేదు.