ఈ ఏడు నీ ఆకులో

బావా,

నువ్వు పోయాక ఒకప్పటి నీలాగే నాను కూడా సానా బరువు తగ్గినాను. మోకాళ్ల నొప్పి పోయింది, సుగరు దిగింది. ఒంట్లో ఎక్కువైన కొవ్వు ఊరికే కూకోదంట. మన స్టీలు ప్లాంటులో ఫర్నేసు లాగా ఆరకుండా, లోపల్లోపల వాపుని రాజేత్తానే ఉంటాదంట. కొవ్వు కరిగేకొద్దీ ఆ మంట సల్లారతాదని సీతమ్మధార డాక్టరమ్మ సెప్పింది.

"మరి ఈ ఆకలేటమ్మా, మునుపటి కన్నా ఎక్కువేత్తంది?" అనడిగినాను.

"బరువు తగ్గితే ఒళ్లు కరువొచ్చిందనుకుంటుంది. కడుపు నిండిందని చెప్పే హార్మోను తగ్గుతుంది, ఆకలి పుట్టించేది పెరుగుతుంది. అది మీ తప్పు కాదు" అంది.

నాకు నువ్వే గుర్తొచ్చినావు. కష్టపడి తగ్గినోడివి మళ్లీ లావైతే, నోరు కట్టుకోలేడని మన గాజువాక వీధంతా నవ్వింది. అక్క నీకు రాత్రిపూట అన్నం మానిపించి రెండు చపాతీలే పెట్టేది. నువ్వు పోయినా ఆ అలవాటు పోలేదు. సంవత్సరీకం నాడు నీ ఫోటో ముందు ఆకేసి, అందులోనూ రెండు చపాతీలే పెట్టేది.

డాక్టరమ్మ మాట మొన్న అక్కకి సెప్పినాను.

నిన్న నీ సంవత్సరీకం. అక్క ఆకు నిండా అన్నం పెట్టి, వంజరం చేప పులుసు పోసింది. మా భోజనాలయ్యాక గిన్నె పట్టుకుని మళ్లీ నీ ఫోటో దగ్గిరికెళ్లింది.

"ఇంకొంచెం ఏసుకోండి" అని మారు వడ్డించింది.