వెంకటయ్య పేరిట ఒక పురుగు

వడ్డేపల్లి, 12-6-2024

మేనకోడలు అర్చనకు ఎల్లన్న మామ దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం మంచిగున్నం. నువ్వు గోవాల సముద్రం నౌకరీ చేస్తున్నవని ఊరంత చెప్పిన. ఏం పని అని అడిగితే నాకు తెల్వదు. ఫోన్ల చెప్తే సగమే వినపడ్తది, కాగితం మీద రాయి.

ఇట్లు
ఎల్లన్న

తా.క.: జర పెద్దక్షరాలు రాయి. హోటల్ కాడ అందరికి చూపియ్యాలె.


గోవా, 25-6-2024

మామకు నమస్కారాలు.

ఓడలో వెళ్లి మూడు కిలోమీటర్ల లోతు నుంచి సముద్రం అడుగు బురద తెస్తాం. దాన్ని జల్లెడ పట్టి, సూక్ష్మదర్శిని కింద పురుగులను లెక్కపెడతాను. దోసెడు బురదలో వందల పురుగులుంటాయి, చాలావాటికి ఇంకా పేరే లేదు. ఇప్పటిదాకా ఎవరూ చూడని పురుగు ఒకటి నాకు దొరికింది. నీ పేరు పెట్టుకునే మనవడు లేడని అత్త బాధపడేది గుర్తొచ్చి, దానికి నీ పేరు పెడదామనుకుంటున్నాను.

నీ కోడలు
అర్చన

తా.క.: ఫొటో పంపుతున్నాను. సన్నగా ఉన్నవైపు తోక.


వడ్డేపల్లి, 4-7-2024

అర్చనకు,

ముప్పై ఏండ్ల సంది విత్తన పత్తి పండిస్తున్న. గులాబీ పురుగుకు మందు కొట్టి కొట్టి నా భుజం పోయింది. నా పేరు పురుగుకు పెడ్తవా? ఊర్ల తలెట్ల ఎత్తుకోవాలె? అంతగ పెట్టాల్నంటే పక్క చేను వెంకటయ్య పేరు పెట్టు. నాకంటె పదేండ్లు చిన్నోడు, నా గట్టు జరిపి రెండు సాళ్లు కలుపుకున్నడు. ఆయనకే సరిపోతది.

ఎల్లన్న

తా.క.: బస్సు పార్సిల్ల వేపనూనె పంపిన. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలు. సముద్రానికెంతనో నువ్వే చూసుకో.


గోవా, 20-1-2025

మామకు నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే వెంకటయ్య పేరు పెట్టాను. వ్యాసం అచ్చయింది. ఇక ఏ దేశంవాళ్లైనా దాన్ని ఆ పేరుతోనే పిలవాలి. అది ఏ పంటనూ తినదు, అడుగున కుళ్లినదాన్ని తిని బతుకుతుంది. ఇలా పేరు పెట్టడం మా దగ్గర పెద్ద గౌరవం. నీకు ఇష్టం లేదని ఊరుకున్నాను.

అర్చన

తా.క.: ఎవరి పేరు పెడితే వాళ్లకు చెప్పడం మర్యాద కదా, ఈ పేరు చెప్పింది మా మామేనని రాసి వెంకటయ్యకు ఒక ప్రతి పోస్టులో పంపాను.


వడ్డేపల్లి, 9-2-2025

బిడ్డా అర్చనా,

వెంకటయ్యను పట్టలేకపోతున్నం. హైస్కూల్ల శాలువా కప్పిండ్రు, పేపరోళ్లు ఫొటో తీసిండ్రు. నిన్న మిఠాయి డబ్బా పట్టుకొని మా ఇంటికొచ్చిండు. “గట్టు కాడ అంత కొట్లాడినా నా పేరే చెప్పినవు. నిన్ను నేను తప్పుగ అనుకున్న” అని నా చేతులు పట్టుకొని ఏడ్చిండు. రెండు సాళ్లు వాపస్ ఇచ్చిండు. నేనేమని చెప్పాలె? మీ అత్త నాతోని మాట్లాడుతలేదు. నాకు పిల్లలు లేరు బిడ్డా. నా పేరు నిలిచే మోక వస్తే నేనే కాలదన్నుకున్న. బాధయితుంది.

మీ మామ

తా.క.: ఇంకో పురుగు మిగిలితే చూడు. గుడ్డిదైనా పర్వాలేదు.


గోవా, 3-10-2025

మామకు నమస్కారాలు.

అంత లోతున చీకటే, అక్కడ ఈ పురుగులన్నీ గుడ్డివే. అదే బురద ముద్దలో ఇంకో కొత్త పురుగు దొరికింది. నీ పేరుతో నిన్ననే అచ్చయింది, అత్తకు చూపించు. ఒక్క సంగతి. సైన్సులోనూ మన దగ్గరలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఈ రెండు పురుగులూ ఒకే ఇంటివి. అంటే ఇకనుంచి ప్రపంచమంతటా నీకూ వెంకటయ్యకూ ఒకటే ఇంటిపేరు.

నీ కోడలు
అర్చన

తా.క.: ముందు అచ్చయినవాడే అన్న. ఇక వెంకటయ్యను పేరు పెట్టి పిలవకు.